గెనిమ జరిపే ముందు

మా హాస్టల్లో వారానికి ఒక్కరైనా నా గది తలుపు తడతారు. చేతిలో ల్యాప్‌టాప్, ముఖంలో కంగారు. "అన్నా, ఉబుంటులో జాగా అయిపోయింది. విండోస్‌లో రెండొందల జీబీ ఊరికే పడుంది. కొంచెం ఇటు లాగియ్యవా?" అంటారు. ఐదు నిమిషాల పని అనుకుంటారు. మౌస్‌తో చేసే పని నిజంగానే ఐదు నిమిషాలు.

నేను మాత్రం ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకోకముందే ఒక మాట అడుగుతాను: "ఇందులో పోతే ఏడ్చేది ఏముంది?"

చాలామంది నవ్వుతారు. "ఏం లేదన్నా, ల్యాబ్ రికార్డులు" అంటారు. కొందరు మాత్రం నవ్వడం ఆపి ఆలోచనలో పడతారు. ఈ వ్యాసం ఆ రెండోరకం వాళ్ళ కోసం. ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకుని, వాటి మధ్య హద్దు జరపాలనుకునే వాళ్ళ కోసం. హద్దు ఎట్లా జరపాలో చెబుతాను. జరిపేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఆ ప్రశ్న అడగడం నాకెట్లా అలవాటైందో కూడా చెబుతాను. దానికి పుంగనూరు దగ్గర మా ఊరికి పోవాలి. ముందు మాత్రం మనం ఉంటున్న మదనపల్లె నుంచే మొదలుపెడదాం.

ఊరు కదల్లేదు, జిల్లా మారింది

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు జిల్లాలోవే. ఆరోజు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. అంతకుముందూ ఇట్లాంటిదే ఒకటి జరిగింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి వచ్చి చేరింది, పుంగనూరు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరింది.

ఇన్నిసార్లు గీతలు మారినా మదనపల్లె టమోటా మార్కెట్టు ఒక్క అడుగు జరగలేదు. పుంగనూరు బస్సు అదే రోడ్డు మీద పోతోంది. మారింది కాగితం మీది పట్టిక మాత్రమే: ఏ ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసే జిల్లాలో ఉందో చెప్పే పట్టిక.

డిస్క్‌లో కూడా సరిగ్గా అట్లాంటి పట్టికే ఒకటుంది. దాన్ని పార్టిషన్ టేబుల్ అంటారు. డిస్క్ మొత్తం చిన్న చిన్న సెక్టార్ల వరస. ఒక్కో సెక్టారు మామూలుగా 512 బైట్లు. "ఫలానా సెక్టారు నుంచి ఫలానా సెక్టారు దాకా విండోస్‌ది, అక్కడి నుంచి ఇక్కడిదాకా లినక్స్‌ది" అని రాసిపెట్టుకున్నదే పార్టిషన్ టేబుల్. మధ్యలో గోడ లేదు, కంచె లేదు. అంకెలు మాత్రమే ఉన్నాయి.

ఈ పట్టికలు రెండు రకాలు. పాతది ఎంబీఆర్. 1983లో ఐబీఎం పీసీల కోసం వచ్చిన డాస్ 2.0తో మొదలైంది. డిస్క్ మొట్టమొదటి సెక్టార్లోని 512 బైట్లలో 64 బైట్లు ఈ పట్టికకి కేటాయించారు. ఒక్కో పద్దుకి 16 బైట్లు, అంటే నాలుగంటే నాలుగు పద్దులు. అందుకే పాత కంప్యూటర్లలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి కుదరదు. రెండు టెరాబైట్లు దాటిన డిస్క్‌ని అది పూర్తిగా చూడలేదు కూడా.

కొత్తది జీపీటీ. మనం అసైన్‌మెంట్లు రాయించుకునే జీపీటీ కాదు, ఇది వేరే. ఇప్పటి ల్యాప్‌టాపులన్నింటిలో దాదాపు ఇదే. మామూలుగా 128 పద్దులకి చోటు ఉంటుంది. పట్టిక నకలు ఇంకొకటి డిస్క్ చివర్లో కూడా దాచి ఉంచుతుంది. మొదటిది చెడితే రెండోదాన్ని చూసి సరిచేయవచ్చు.

ఇక్కడ చాలామందికి వచ్చే ఒక అనుమానం తీర్చేస్తాను. 512 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీని విండోస్ 476 జీబీ అని చూపిస్తుంది. మిగతాది ఎవరూ తినలేదు. తయారుచేసేవాళ్ళు జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, విండోస్ 107,37,41,824 బైట్లని లెక్కేస్తుంది. బైట్లు అవే, కొలపాత్ర వేరు.

ముందు వామి, తర్వాత గెనిమ

పట్టికలో అంకె మార్చడమే అయితే పని నిజంగా క్షణంలో అయిపోవాలి. ఎందుకు అవ్వదంటే, పార్టిషన్ లోపల ఇంకొకరు కాపురముంటారు. ఆ ఒకరి పేరు ఫైల్ సిస్టమ్. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, ఉబుంటులో సాధారణంగా ఈఎక్స్‌టీ4. ఏ ఫైలు ఎక్కడుంది, ఎంత ఖాళీ ఉంది, దాని ఆస్తి ఎంతవరకూ ఉంది అనే లెక్కలన్నీ అది సొంతంగా రాసుకుంటుంది. పార్టిషన్ టేబుల్‌లో మనం అంకె మార్చినంత మాత్రాన దానికి తెలియదు.

మా నాయన, చిన్నాయన పొలం పంచుకున్నప్పుడు నేను తొమ్మిదో తరగతి. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి, తూర్పు పక్క కొంత చిన్నాయనకి పోవాలని గుర్తు పెట్టాడు. పాత గెనిమ (గట్టుని మా వైపు గెనిమ అంటారు) కొట్టేసి కొత్త గెనిమ వెయ్యాలి. కానీ సరిగ్గా ఆ తూర్పు పక్కనే మా గడ్డివామి ఉండేది. తాత ఒకటే మాట అన్నాడు: "ముందు వామి జరపండ్రా. తర్వాత గెనిమ ఎయ్యండి."

ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో పార్టిషన్ల గురించి చెబుతుంటే నాకు ఆ వామే గుర్తొచ్చింది. సూత్రం అచ్చంగా అదే:

తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్ కుదించుకోవాలి, తర్వాత పార్టిషన్ గీత లోపలికి జరగాలి. పెంచేటప్పుడు ముందు పార్టిషన్ గీత బయటికి జరగాలి, తర్వాత ఫైల్ సిస్టమ్ ఆ కొత్త జాగాలోకి వ్యాపించాలి.

ఇది తిరగబడితే? ఫైల్ సిస్టమ్ కుదించకుండా గీత ముందే జరిపామనుకోండి. మన వామి పక్కవాడి పొలంలో పడింది. వాడు దుక్కి దున్నుకుంటాడు. తప్పు వాడిది కాదు, వాడి పట్టికలో అది వాడి పొలమే.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్, లినక్స్‌లోని జీపార్టెడ్ ఈ వరస తప్పకుండా అవే చూసుకుంటాయి. మనం గీత లాగితే చాలు. అందుకే అది ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది.

ఎడమ పక్క చిక్కు

ఇంకొక చిక్కుంది. నా అనుభవంలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కున్నారు.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటుని విండోస్ పక్కన ఎక్కిస్తే వరస సాధారణంగా ఇట్లా ఉంటుంది: మొదట ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్, తర్వాత విండోస్ రిజర్వు చేసుకున్న 16 ఎంబీ, తర్వాత సి డ్రైవ్, దాని తర్వాత ఉబుంటు, చివర్లో విండోస్ రికవరీ. ఇప్పుడు సి డ్రైవ్‌ని తగ్గిస్తే ఖాళీ ఎక్కడ పడుతుంది? సి డ్రైవ్‌కి కుడి పక్క. అంటే ఉబుంటుకి ఎడమ పక్క.

కుడి పక్క ఖాళీ ఉంటే ఉబుంటుని పెంచడం చాలా తేలిక. చివరి గీత జరుగుతుంది, లోపల ఉన్నవేవీ కదలక్కర్లేదు. ఈఎక్స్‌టీ4 అయితే నడుస్తుండగానే పెరగగలదు. కానీ ఎడమ పక్కకి పెంచాలంటే మొదటి గీత జరగాలి. ఫైల్ సిస్టమ్ రాసుకున్న చిరునామాలన్నీ ఆ మొదటి గీత నుంచి కొలిచినవే. "పడమటి గెనిమ నుంచి నలభై అడుగుల్లో బోరు, అరవై అడుగుల్లో చింతచెట్టు" అని రాసుకున్నాక ఆ పడమటి గెనిమనే జరిపితే లెక్కలన్నీ తప్పుతాయి. లెక్క నిలబడాలంటే బోరునీ చెట్టునీ కూడా అంతే దూరం జరపాలి.

పొలంలో అది కుదరదు. డిస్క్‌లో కుదురుతుంది. పార్టిషన్ లోపల ఉన్నదంతా మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా చదివి, ఎడమకి కొత్త చోట రాసుకుంటూ పోతుంది. మీరు పెంచుతున్నది పది జీబీ కావచ్చు, కదిలేది మాత్రం ఉన్న సరుకంతా. కొత్త ఎస్‌ఎస్‌డీలో నిమిషాలు, పాత హార్డ్‌డిస్క్‌లో గంటలు. ఆ నిమిషాల్లోనో గంటల్లోనో కరెంటు పోకూడదు.

విండోస్‌కీ ఇదే బాధ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" బూడిదరంగులో వెలవెలబోయి ఉంటే, ఖాళీ జాగా దానికి ఆనుకుని కుడి పక్కన లేదని అర్థం.

పుంగనూరులో ఏం జరిగింది

మొదటి సంవత్సరం మన క్లబ్బులో చేరిన కొత్తల్లో సీనియర్లు ఒక పని చెప్పారు. వేసవి సెలవుల్లో ఊళ్ళకి పోయి పెద్దవాళ్ళ పాటలు, కథలు రికార్డు చేసుకుని రమ్మన్నారు. నేను మా అవ్వ దగ్గర కూర్చున్నాను. నాట్లప్పుడు పాడేవి, చెనిక్కాయలు ఒలిచేటప్పుడు పాడేవి, పిల్లల్ని పండబెట్టే కథలు. మొత్తం 61 రికార్డింగులు. ఏ రోజు ఏది పాడిందో ఒక నోటుబుక్కులో వరసగా రాసుకున్నాను. ఫోన్‌లో జాగా చాలక వాటిని ఇంట్లో చిన్నాయన ఇచ్చిన పాత డెస్క్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో చెరిపేశాను. విండోస్, ఉబుంటు రెండూ ఉన్న డెస్క్‌టాప్ అది. రికార్డింగులు పెట్టింది ఉబుంటు పక్కన.

రెండో సంవత్సరం కార్తీక మాసంలో అవ్వ చనిపోయింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు డెస్క్‌టాప్‌లో ఉబుంటు నిండిపోయిందని తెలిసింది. యూట్యూబ్‌లో పన్నెండు నిమిషాల వీడియో ఒకటి చూశాను. విండోస్ డి డ్రైవ్ తగ్గించాను, ఉబుంటు ఎడమ గీత లాగాను, అప్లై నొక్కాను. గంటకు పైగా పడుతుందని చూపించింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి అప్పటికే ఏడాది. ఆ సంగతి నాకు తెలుసు. పండగ పూట కరెంటు ఎందుకు పోతుందిలే అనుకున్నాను.

నలభై నిమిషాలకి పోయింది.

కరెంటు వచ్చాక మిషన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద "గ్రబ్ రెస్క్యూ" అని ఒక్క ముక్క. ఉబుంటూ లేదు, విండోసూ లేదు. అది చూడగానే నాకు బుర్ర పనిచెయ్యలేదు. పోయినదాన్ని వెంటనే సరిచేసేయాలి, నాయనకి తెలియకముందే చేసేయాలి అనే తొందర ఒక్కటే. పెన్‌డ్రైవ్ పెట్టి అదే చోట ఉబుంటు మళ్ళీ కొత్తగా ఎక్కించేశాను. అరగంటలో తెర వెలిగింది. బొమ్మ అందంగా ఉంది. లోపల ఏమీ లేదు.

అప్పుడు కుప్పంలో ఉన్న మా సావాసగాడికి ఫోన్ చేశాను. హాస్టల్లో నా పక్క మంచం వాడు. మూడు రాష్ట్రాలు కలిసేచోట పుట్టినందుకో ఏమో, వాడు కోపం వస్తే తెలుగు, నవ్వొస్తే తమిళం, లెక్కలు వేస్తే కన్నడం మాట్లాడతాడు. ఆరోజు మొత్తం తెలుగే మాట్లాడాడు.

"కరెంటు పోయినాక ఏం చేస్తివి?"

"ఉబుంటు మళ్ళీ ఎక్కించినా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏంటికిరా ఎక్కిస్తివి? ఇప్పుడే ఆఫ్ చెయ్. తీగ పీకేయ్. నేను వచ్చేదాకా దాన్ని ముట్టొద్దు" అన్నాడు.

పోయింది పాటలు కాదు, చిరునామా

కనుమ మర్నాడు వాడు పలమనేరు మీదుగా బస్సు పట్టుకుని వచ్చాడు. సంచిలో అమ్మ ఇచ్చిన అరిసెలు, ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్. అరిసెలు తింటూ నాకు ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఆ బొమ్మే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు సంగతి.

డేటాని ఎడమకి జరుపుతున్నప్పుడు మధ్యలో ఆగిపోయిందనుకోండి. అప్పటికి కదిలిన సగం కొత్త చోట ఉంది. కదలని సగం పాత చోటే ఉంది. కొత్తగా రాసేది ఎప్పుడూ అప్పటికే చదివేసి తరలించిన భాగం మీద మాత్రమే పడుతుంది, ఇంకా కదలని భాగాన్ని అది ముట్టుకోదు. అంటే కరెంటు పోయిన క్షణంలో దాదాపు ప్రతి బైటూ డిస్క్ మీద ఏదో ఒకచోట క్షేమంగానే ఉంది. పోయిందల్లా ఏది ఎక్కడుందో చెప్పే లెక్క. ఫైల్ సిస్టమ్ తన సరుకంతా కొత్త గీత నుంచి కొలిచిన చోట్లలో ఉందనుకుని వెతుకుతుంది, సగం అక్కడ లేదు.

"పాటలు యాడికీ పోలేదురా అప్పటికి" అన్నాడు వాడు. "యాడుండాయో చెప్పే చిట్టా చెడిపోయింది, అంతే. చిట్టా పోయిందని నువ్వు ఇల్లు కూలగొట్టి, దాని మీదనే కొత్తిల్లు కడ్తివి."

నా పాటల్ని తిన్నది కరెంటు కాదు. కరెంటు వచ్చాక నేను రాసిన కొత్త ఉబుంటు. ఎక్కించేటప్పుడు కొన్ని జీబీల కొత్త ఫైళ్ళు డిస్క్ మీద పడ్డాయి. అవి పడినచోట కింద ఏముందో అది ఇక రాదు.

మిగతాది వెతకడానికి వాడు రెండు పనులు చేశాడు. ముందు డెస్క్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, లోపలి డిస్క్ మొత్తాన్ని సెక్టారు సెక్టారుగా తన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఒకే ఫైలుగా నకలు తీశాడు. ఇక ఏ ప్రయోగమైనా ఆ నకలు మీదే, అసలుదాన్ని ముట్టుకునేది లేదు. తర్వాత ఫోటోరెక్ అనే ప్రోగ్రాం నడిపాడు. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, టెస్ట్‌డిస్క్‌తో పాటు వస్తుంది. పేరులో ఫోటో ఉన్నా పాటలు, వీడియోలు, డాక్యుమెంట్లు కూడా వెతుకుతుంది. ఫైల్ సిస్టమ్ లెక్కల్ని అసలు పట్టించుకోదు. ప్రతి రకం ఫైలూ మొదట్లో తనదైన గుర్తుతో మొదలవుతుంది కదా, ఆ గుర్తుల కోసం డిస్క్ ఈ చివర నుంచి ఆ చివరదాకా గాలిస్తుంది. గుర్తు దొరికినచోట నుంచి ఫైలుని ఏరుకుంటుంది.

పేర్లు మాత్రం తిరిగి రావు. పేర్లు ఉండేది చిట్టాలో కదా. ఫోటోరెక్ ఇచ్చే పేరు ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఒక పొడుగాటి అంకె. అది ఫైలు దొరికిన చోటుని చెప్పే అంకె. రాత్రంతా నడిచి పొద్దున్నకి వేల ఫైళ్ళు పోసింది. సిస్టమ్ శబ్దాలు, సినిమా పాటలు, వాట్సాప్ ముక్కలు, వాటి మధ్య ఎక్కడో అవ్వ.

ఒక్కొక్కటే తెరిచి విన్నాం. మొదటిది దొరికినప్పుడు నేను గది బయటికి పోయి నిలబడ్డాను. వాడు ఏమీ అనకుండా వాల్యూమ్ కొంచెం పెంచాడు. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

నోటుబుక్కు ముందు పెట్టుకుని ఒక్కో అంకెకి మళ్ళీ పేరు పెట్టుకుంటూ వచ్చాం. 61లో 47 దొరికాయి.

ఇప్పుడు నేను ఎట్లా చేస్తానంటే

అప్పటి నుంచి ఎవరి ల్యాప్‌టాప్ ముట్టినా ఈ వరస తప్పను. మీరూ తప్పకండి.

1. అసలు అవసరమా చూడండి. ఉబుంటులో "డిస్క్ యూసేజ్ అనలైజర్" తెరిస్తే ఏ ఫోల్డర్ ఎంత తింటోందో బొమ్మగా చూపిస్తుంది. చాలాసార్లు పాత డాకర్ ఇమేజులు, ఎప్పుడో వదిలేసిన పైథాన్ ఎన్విరాన్‌మెంట్లు, నిండిన చెత్తబుట్ట బయటపడతాయి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరు ఇక్కడితోనే సంతోషంగా వెళ్ళిపోయారు.

2. కాపీ తీసుకోండి. అదే డిస్క్‌లో ఇంకో డ్రైవ్‌లోకి కాదు, వేరే వస్తువులోకి. కాపీ అయ్యాక ఆ వస్తువుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని కాపీ అని లెక్కపెట్టకండి.

3. బిట్‌లాకర్ ఉందేమో చూడండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో మనం అడగకపోయినా డిస్క్‌కి తాళం పడి ఉండవచ్చు. దాని రికవరీ కీ 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి పోయి చూసి కాగితం మీద రాసుకోండి. పార్టిషన్లు మార్చాక విండోస్ ఆ కీ అడిగితే, అది ఆ ల్యాప్‌టాప్ లోపలే దాచి ఉంటే లాభం లేదు.

4. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అంటే పూర్తిగా నిద్రపోవడం కాదు, ఒక కన్ను తెరిచి పడుకోవడం. ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్కలు సగంలో ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి పోయి ఆ టిక్కు తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి.

5. విండోస్ జాగాని విండోస్‌లోంచే తగ్గించండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద కుడి క్లిక్కు, "ష్రింక్ వాల్యూమ్". అంకె ఎంబీల్లో అడుగుతుంది. 50 జీబీ కావాలంటే 51200. వంద జీబీ ఖాళీ ఉన్నా ఇరవయ్యే తగ్గించగలనని మొరాయిస్తే, మధ్యలో కదలని ఫైళ్ళు అడ్డం ఉన్నాయని అర్థం. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు ఆ రకం. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్ళీ ప్రయత్నించండి. విండోస్‌కి అప్‌డేట్లు దించుకునేంత జాగా వదలండి. తగ్గించాక వచ్చిన ఖాళీని "అన్‌అలొకేటెడ్" గానే ఉంచండి, దానికి డ్రైవ్ అక్షరం పెట్టకండి.

6. విండోస్ ఒకసారి మళ్ళీ ఆన్ చేసి చూడండి. సరిగ్గా లేస్తేనే ముందుకి పోవాలి. ఒక గెనిమ గట్టిపడ్డాకే ఇంకో గెనిమ.

7. జీపార్టెడ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడపండి. నడుస్తున్న ఉబుంటు తన కింది మొదటి గీతని తానే జరుపుకోలేదు. ఏదైనా పార్టిషన్ పక్కన తాళంచెవి గుర్తు ఉంటే అది వాడకంలో ఉందని. స్వాప్ అయితే కుడి క్లిక్కుతో ఆపేయవచ్చు.

8. ఇక్కడ రెండు దారులు. మొదటిది, ఎడమ పక్క చిక్కుని అసలు తాకకుండా ఆ ఖాళీలో కొత్త ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఒకటి చేసి, పెద్ద ఫైళ్ళనో హోమ్ ఫోల్డర్‌నో అందులోకి మార్చుకోవడం. ఏదీ కదలదు, ప్రమాదం తక్కువ. నేను పది మందిలో ఎనిమిది మందికి ఇదే చెబుతాను. రెండోది, ఉబుంటు ఎడమ గీతని జరపడం. ఇది ఎంచుకుంటే చార్జర్ పెట్టే ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ల్యాప్‌టాప్ మూత ఎవరూ మూయకూడదు.

9. అప్లై నొక్కే ముందు ఆగండి. జీపార్టెడ్‌లో మీరు లాగిన గీతలన్నీ కింద జాబితాలో ఎదురుచూస్తుంటాయి. అప్లై నొక్కేదాకా డిస్క్ మీద ఏదీ మారదు. ఆ జాబితాని ఒకసారి పైకి చదవండి. ఈఎఫ్‌ఐ, 16 ఎంబీ రిజర్వుడు, రికవరీ వీటిలో ఏ పేరైనా జాబితాలో కనిపిస్తే ఏదో పొరపాటు చేశారు. చిన్నవి కదా అని తీసేస్తే కంప్యూటర్ లేవదు.

10. పార్టిషన్‌ని జరపండి, చెరిపి మళ్ళీ చెయ్యకండి. ప్రతి ఫైల్ సిస్టమ్‌కీ యూయూఐడీ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఉబుంటు లేచేటప్పుడు తన ఇల్లు ఏదో దాన్ని బట్టే పోల్చుకుంటుంది. జరిపితే, పెంచితే అది మారదు. చెరిపి కొత్తగా చేస్తే మారిపోతుంది, బూట్ అవ్వడం ఆగిపోతుంది.

ఇక పదకొండోది, ఇవన్నీ చేసినా మధ్యలో ఆగిపోతే. అప్పుడు చేయాల్సింది ఒకటే: ఏమీ రాయకండి. ఫార్మాట్ కొట్టకండి, మళ్ళీ ఎక్కించకండి, "రిపేర్ చెయ్యనా" అని ఏదైనా అడిగితే సరే అనకండి. ఆఫ్ చేసి, తెలిసినవాళ్ళని పిలవండి. లెక్క చెడినంత మాత్రాన సరుకు పోదు. దాని మీద ఇంకోటి రాస్తేనే పోతుంది.

మిగిలిన పద్నాలుగు

అవ్వ పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. నా ల్యాప్‌టాప్‌లో, కుప్పంలో వాడింట్లో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, మన క్లబ్బు డ్రైవ్‌లో. ఒకచోట ఇల్లు కాలినా ఇంకోచోట ఉంటాయి.

నోటుబుక్కులో 61 పేర్ల పేజీ కూడా భద్రంగా ఉంది. 47 పేర్ల పక్కన టిక్కులు ఉన్నాయి. మిగతా 14లో చింతపండు కొట్టేటప్పటి పాట ఒకటి. అందులో రెండు చరణాలు అమ్మకి గుర్తున్నాయి, మూడోది పక్కూరి పెద్దమ్మకి గుర్తుందేమోనని పోయిన వేసవిలో వెళ్ళి అడిగాను. ఆమె వేరే చరణం పాడింది. అదీ రికార్డు చేసుకున్నాను.

అందుకే మీరు తలుపు తట్టినప్పుడు ముందు ఆ ప్రశ్న అడుగుతాను. విసుక్కోకండి. వచ్చేటప్పుడు ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. కాపీ అయ్యేలోపు కిందికి పోయి టీ తాగొద్దాం.